ఉమ్మడి పొగగూడు

“ముందు మా వంటింట్లోకి రా, లింగరాజూ. మా పొయ్యే ఎక్కువ పొగ కక్కతంది,” అని ఎడమ అరుగు మీద నుంచి తాయారమ్మ పిలిచింది.

“ముందుగాల ఫోన్ సేసిందెవరో ఆవిణ్ణి అడుగు, కో లింగరాజూ,” అంది కుడి అరుగు మీద నుంచి ఆమె అక్క సుధామణి, బర్మా మర్యాదతో అతని పేరుకు ముందు ‘కో’ చేర్చి.

ఫోన్ ఇద్దరూ చేశారు. ఇద్దరూ ఈ ఉదయమే రమ్మన్నారు. ఎవరి వైపు అడుగు వేసినా రెండోవారికి కోపం వస్తుంది కనుక లింగరాజు బ్రష్షుల పెట్టెను రెండు అరుగుల నడుమ దింపి నిలబడ్డాడు.

చిమిండైంగ్ బజారు వెనక సందులో ఆ జంట ఇళ్ళను, రేవులో మేస్త్రీగా పనిచేసిన తండ్రి, కూతుళ్ళిద్దరూ విడిపోకూడదన్న తలంపుతో ఒకే నడిమి గోడ పెట్టి కట్టించాడు. రెండు పొయ్యిల పొగా పైన ఒకే గూట్లో కలిసి, అక్కణ్ణించి ఒకే గొట్టం గుండా బయటికి పోతుంది. రంగూన్‌లో కరెంటు తనకిష్టమైనప్పుడే రావడం మొదలుపెట్టాక, ఏనాడో చల్లారిన ఇటుక పొయ్యిలు మళ్ళీ రాజుకున్నాయి. అవి రాజుకున్నందువల్లే పొగగొట్టాలు తుడిచే లింగరాజుకు మళ్ళీ చేతినిండా పని దొరికింది.

అతను రెండు వంటిళ్ళూ చూశాడు. రెండింటి గోడలూ ఒకే తీరుగా నల్లబడ్డాయి. పొయ్యి పైన వంపు ఉండటంతో గూడు కింద నుంచి కనిపించదు. అయినా కారణం ఊహించడం కష్టం కాలేదు.

“అడ్డు గూట్లోనే ఉంది. ఒక పక్కే తుడిత్తే మసంతా రెండో ఇంట్లోకి రాలతాది. పొయ్యిలు రెండూ ఆర్పాలి. మీరిద్దరూ ఒప్పుకోపోతే నేను నిచ్చెనెక్కను,” అన్నాడు.

“రేపే మా మనవరాలు హైమకి తాంబూలాలు,” అంది తాయారమ్మ. “ట్వంటే ఊరి నుంచి మగపెళ్ళోరు వొత్తన్నారు. కరెంటుని నమ్ముకుంటే ఎసరు కాగదు. ఈ పూట పని అవ్వపోతే నా పరువు పోతాది. ఆవిడ ఒప్పుకుంటాదో లేదో నువ్వే అడుగు.”

ఆవిడ బారెడు దూరంలోనే ఉంది. అయినా లింగరాజు తనవైపు తిరిగేదాకా ఆగింది.

“మనవరాలి తాంబూలాలకి అడ్డం పడ్డానన్న పేరు నాకెందుకు? ఒప్పుకున్నానని సెప్పు. మనకెలాగూ పిలుపు లేదు గాని.”

“పిలిత్తే వొచ్చి, పులుసులో ఉప్పెక్కువైందని పందిట్లో సెప్పడానికా? అడుగు, లింగరాజూ.”

“ఆవిడ ఇంట్లో నప్పి ఏపినప్పుడల్లా ఆ పులిసిన చేపముద్ద కంపు నేను బరించట్లేదేటి? అడుగు.”

తగవుకు మూలం ఆ ఉప్పే. తాయారమ్మ చిన్నకొడుకు శంకర్ పెళ్ళిలో సుధామణి పులుసు రుచి చూసి నలుగురి ముందూ ఆ మాట అంది. అన్నందుకు చెల్లెలు మర్నాడు పలకరించలేదు. పలకరించనందుకు అక్క పండక్కి రాలేదు. రానందుకు మాటలే ఆగిపోయాయి. హైమ మాత్రం, పెద్దమామ్మ సుధామణి దీవెన లేకుండా పీట మీద కూర్చోనని నిన్ననే తేల్చి చెప్పిందట.

“పొయ్యిలు ఆర్పితే మరి మీకు వంటెలాగ?” అని లింగరాజు అడిగాడు.

ఇద్దరి చూపూ వాకిట్లోకి మళ్ళింది.

“నాన్నున్నప్పుడు, గూడు తుడిసిన రోజు వాకిట్లో ఒకటే కుంపటి ఎట్టేవోళ్ళం,” అంది తాయారమ్మ గోడకు చెబుతున్నట్టు. “రెండిళ్ళకీ ఒకటే కూర.”

“ఆయనెట్టిన కట్టుబాటు నేను తప్పనని సెప్పు.”

“నేను మాత్రం తప్పుతానేటి?”

కుంపటి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. సుధామణి కడిగిన చేప ముక్కలు తెచ్చింది. తాయారమ్మ ఇంట్లో చింతపండు అప్పటికే నానుతోంది. లింగరాజు రెండు పొయ్యిలకూ తడిదుప్పట్లు కట్టి, నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. గూటికి పైన ఉన్న ఇనుప తలుపు తుప్పుపట్టి ఉండటంతో మేకులు ఊడదీయడం ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో కింది మాటలు అతనికి వినబడ్డాయి.

“ఉప్పు నువ్వెయ్యి, అప్పా. నేనేత్తే ఎక్కువైపోతాది గదా,” అని చెల్లెలి గొంతు.

“ఆ రోజు ఎక్కువవ్వలేదే. రెండు మార్లు ఏయించుకున్నాను.”

“మరందరి ముందూ అలాగన్నావేటి?”

“పందిరంతా నీ పులుసునే పొగుడుతుంటే దిష్టి తగలదేటే? అందుకన్నాను.”

గరిటె చప్పుడు ఆగింది. తర్వాత వినిపించింది ఏడుపో నవ్వో అతనికి తెలియలేదు. రెండోసారి వినిపించింది మాత్రం నవ్వే, అదీ రెండు గొంతులది.

“ఈ మాట అప్పుడే సెప్పొచ్చు గదా.”

“నువ్వు తలుపు తీత్తే గదా సెప్పడానికి.”

“రేపెప్పుడొత్తావు?”

“తెల్లారే ఒత్తాను. ఎసరు నేనే ఎడతాను. ఉప్పు నీదే.”

ఇనుప తలుపు ఊడింది. లింగరాజు గట్టిపడిన మసిని గీకడానికి సిద్ధపడి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. పెట్టి, కదలకుండా ఉండిపోయాడు. కింద నవ్వులు ఆగిపోయాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి తలలెత్తారు.

“గూట్లో మసి బాగా పట్టేసిందా, నాయనా?” అని ఇద్దరూ ఒకే గొంతుతో అడిగారు.

“పట్టేసిందమ్మా,” అన్నాడు లింగరాజు వాళ్ళ వైపు చూడకుండా. “ఇద్దరిదీ సమానంగానే పట్టేసింది.”

గూట్లోకి చెరో పొయ్యి నుంచీ, అవతలి పొయ్యి పొగకు అడ్డంగా, చెరో గోనెమూట కుక్కి ఉంది.