ఎడమ చెయ్యి

తలుపు తట్టలేదు. తోసుకుని వచ్చేశాడు.

"జ్వరం మీద పరిశోధన చేసేది ఇక్కడేనా?"

పరిశోధన చేసే అమ్మాయి తలెత్తింది. ఎదురుగా యాభై దాటిన మనిషి. చెప్పుల నిండా దుమ్ము, కళ్ల నిండా నిప్పులు.

"ఇక్కడే. లోపలికి ఎవరు పంపారు?"

"ఒక్కరు పంపితేగా! గేటు దగ్గర జీవశాస్త్రం అన్నారు. అక్కడికెళ్తే ప్రజారోగ్యం అన్నారు. వాళ్లేమో ఫిజిక్సు మేడ ఎక్కించారు. జ్వరానికీ ఫిజిక్సుకీ ఏం సంబంధమమ్మా?"

పక్క బల్ల దగ్గర ఫిజిక్సు విద్యార్థి కిసుక్కున నవ్వాడు.

"మా ప్రొఫెసరు కూడా నన్ను అదే అడుగుతుంటాడండీ."

నవ్వే ఓపిక ఆమెకు లేదు. పొద్దున్నే ప్రొఫెసరు గట్టిగా చెప్పి వెళ్లాడు. ఈ వారంలో మొండిఘటం దొరక్కపోతే పరిశోధన మూసెయ్యాలి.

మొండిఘటం అన్నది వీళ్లు పెట్టుకున్న పేరు.

మురికికాలవ పక్క వీధిలో ఇంటింటికీ జ్వరం వచ్చింది. మనుషులు పోయారు. ఒక్కరికి మాత్రం రాలేదు. జబ్బు మనుషుల చెమట తుడిచినా, ఎంగిలి గ్లాసులు కడిగినా రాలేదు. ఎవరినుంచి ఎవరికి అంటుకుందో ఫిజిక్సతను వేసిన లెక్కంతా ఆ ఒక్కరి దగ్గరికొచ్చి తలకిందులయ్యేది. ఎందుకు రాలేదో ఆ రక్తమే చెప్పాలి. అది తేలితే రేపు ఇంకే వీధిలోనూ పాడె లేవకుండా ఆపొచ్చు.

ఫ్రీజరులో ఆ రక్తం సన్న గొట్టంలో అడుగున కాస్త ఉంది. మళ్లీ తియ్యాలి. ఎవరి దగ్గర తియ్యాలి? గొట్టం మీద అంకె ఉంటుంది, పేరుండదు. పేర్లు బయటపెట్టకూడదు, అది నియమం. ఆడో మగో కూడా వీళ్లకు తెలీదు. తెలిసింది వీధిలో తిరిగే నర్సమ్మ ఒక్కతికే. ఆమె ఎంత బతిమాలినా మొండిఘటం దిగిరాలేదు.

"మా వీధిలో రక్తాలు పట్టుకుపోయారు. ఎవరికేముందో ఒక్కరికన్నా చెప్పారా?" అన్నాడు వచ్చినాయన.

మళ్లీ అదే గోల. ఈ గోల పడలేకే ఆమె పొద్దున ఫోను కట్టేసింది. ఇప్పుడు మనుషులే మేడెక్కి వస్తున్నారు.

"అవి మేం చెప్పకూడదు. ఆస్పత్రిలో అడగండి."

"వాళ్లు మిమ్మల్ని అడగమన్నారు."

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"ముందు దానికి జవాబు చెప్పు. తర్వాత నా సంగతి."

"మీ సంగతి వినే తీరిక నాకు లేదండీ. బోలెడు పనుంది."

"నాకు లేదా పని? మానుకుని వచ్చా. పొద్దుట్నించీ పచ్చి గంగ ముట్టలేదు."

"కింద క్యాంటీనుంది. వెళ్లి తినండి."

ఆయన మొహం కందగడ్డయింది.

"తిండి కోసం వచ్చాననుకున్నావా?"

చొక్కా ఎడమ చేతి గుండీ లాగేశాడు. చొక్కా చెయ్యి పైకి మడుస్తూ ముందుకో అడుగేశాడు.

ఆమె దిగ్గున లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"ఏంటి, కొడతారా?"

ఆయన ఆగిపోయాడు. తన చేతిని చూసుకున్నాడు. ఆమెను చూశాడు.

"కొట్టడమా?"

"వాచ్‌మన్! ఎవర్ని పడితే వాళ్లని పైకి వదిలేస్తావా? తీసుకెళ్లు!"

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి ఆ చేతినే ఒడిసి పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, ఆడపిల్ల మీదికెళ్తావా? పద, పద!"

ఆయన విదిలించుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. ఈసారి అరవలేదు.

"నా కూతుర్ని తీసుకుపోయిన జ్వరమమ్మా అది."

"పాపం, మనమేం చేస్తాం?" అనైనా అనలేదామె. తలుపు ధడాలున మూసింది.

"కాస్త ఆగి వినాల్సింది," అన్నాడు ఫిజిక్సతను.

"నువ్వు నీ లెక్క చూసుకో."

మధ్యాహ్నం ఫోను ఆన్ చేసిందో లేదో, మోగింది. నర్సమ్మ.

"నీకసలు బుద్ధుందా?"

"ఏమైందక్కా?"

"ఒకాయన పరిశోధనలోంచి తప్పుకున్నాడు. తన రక్తం బొట్టు కూడా మీ దగ్గర ఉండటానికి వీల్లేదన్నాడు. అంకె చెప్తా, తీసి పారబొయ్యి."

అది ఇచ్చినవాళ్ల హక్కు. అడిగితే కాదనకూడదు. జూనియర్లకు ఆ పాఠం చెప్పింది ఈమే.

నర్సమ్మ అంకె చెప్పింది.

ఆమె ఆ అంకె పైకి అనేసరికి ఫిజిక్సతని పెన్ను ఆగిపోయింది.

"అక్కా, నేనొచ్చి కాళ్లు పట్టుకుంటాను."

"ఎవరి కాళ్లు? పేరు చెప్పకూడదుగా. మీ నియమమేగా! ఎన్నిసార్లు వాళ్ల గడప తొక్కానో నాకే తెలీదు. ఇవాళ పొద్దున ఒప్పుకున్నాడు. పరగడుపున వెళ్లమని పంపాను. నీకు చెబుదామంటే ఫోనెత్తితే కదా!"

పెట్టేసింది.

ఆమె ఫ్రీజరు తెరిచింది. తెల్లటి చలి మొహానికి కొట్టింది. వేళ్లు కొంకర్లు పోతున్నా గొట్టం పట్టుకుని, కరిగేదాకా అలాగే నిలబడింది. మందునీళ్ల తొట్టిలోకి వంచింది. ఎర్రగా ఓ చార కదిలి, కనపడకుండా పోయింది.

పొద్దున ఆయన మడిచింది ఒక్క ఎడమ చెయ్యే. సూదికి వీలుగా, మోచేతి పైదాకా.