పులిసిన సరుకు

గురజాల వాడలో కొత్తగా యూదులైన పది కుటుంబాలకు అదే మొదటి పస్కా పండగ. పొద్దుగూకేలోగా పులిసినదేదీ ఏ ఇంట్లోనూ మిగలకూడదని, సమాజమందిరం పెద్ద నెహెమ్యా గడపగడపకూ తిరిగి దోసెల పిండి పారబోయించాడు. హుషారుగా ఇల్లు చేరితే, భార్య కెతూరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“పున్నయ్య ఇంట్లో కల్లుకుండ దొరికిందంటగా. ఏం జేశావు?”

“ఖాళీ జేశా.”

“ఏడ బోశావు? కడుపులోనా?”

నెహెమ్యా మూతి తుడుచుకున్నాడు. “పండగింకా మొదలవలేదు గదే!”

“పులిసింది ఏడు రోజులు ఇంట్లో ఉండకూడదని జెప్పింది నువ్వేగా?”

“నేనే” అన్నాడు, కాస్త గర్వంగానే.

కెతూరమ్మ లోపలికెళ్లి నులకమంచం తెచ్చి వాకిట్లో వాల్చింది.

“అయితే పండగెళ్లేదాకా ఈడే పడుండు. పులియని రొట్టెలు ఈడికే తెస్తాలే.”