ఉతికిన బిళ్లలు

కూలీ ఎలేచి మాస్కుకున్న రెండు ఫిల్టరు బిళ్లలనూ ఊడబెరికి, ఆ ఆడమనిషి బురదలో వేసి కాలితో తొక్కేసింది.

క్రషర్ దగ్గర డ్యూటీ ఎక్కబోతున్న వాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు.

"ఏం పొయ్యేకాలం నీకు?" అన్నాడు ఎలేచి. "రాత్రి మా ఆవిడ కూర్చుని ఉతికింది వాటిని. ఎంత తెల్లగా ఉన్నాయో చూశావా?"

"చూశాను. అందుకే తొక్కాను."

ఆవిడ ఎవరో అబకాలికి ఊరి కంకర క్రషర్ల దగ్గర ఎవరికీ తెలియదు. వానలు వెనకబట్టాక ఒకరోజు బకెట్టు పట్టుకుని వచ్చింది. డ్యూటీ దిగినవాళ్ల దగ్గర మాస్కులు అడిగి తీసుకునేది. బిళ్లలు విప్పి పక్కన పెట్టి, రబ్బరు తొడుగు మాత్రం సబ్బునీళ్లతో కడిగేది. నీడలో ఆరబెట్టి, మూతడబ్బాలో దాచి, మర్నాడు ఎవరిది వాళ్లకిచ్చేది. కూలి అడిగేది కాదు.

ఊరికే సాయం చేసేవాళ్లంటే మనుషులకు ఎక్కడైనా అనుమానమే. కుర్రాళ్లు ఆవిడకు సబ్బు మేడం అని పేరు పెట్టి నవ్వుకునేవారు.

రబ్బరు కడిగితే ఎవరికీ బాధ లేదు. గొడవంతా బిళ్లల దగ్గరే. వాటికి తడి తగలకూడదంటుంది. కంప్రెసరు గాలి కొట్టకూడదంటుంది. ఊపిరి తీయడం బరువైతే పారేసి కొత్తవి అడగమంటుంది.

కొత్తవి మేనేజరు బీరువాలో ఉంటాయి. బీరువా తాళంచెవి మేనేజరు నడుముకుంటుంది. అది ఊడి రావడం ఎవరూ చూడలేదు.

అందుకని బిళ్లలు ఇళ్లకు వెళ్లేవి. పెళ్లాలు ఉతికి పంపేవారు. ఎవడి బిళ్లలు ఎంత తెల్లగా ఉంటే వాడి పెళ్లానికి వాడంటే అంత ప్రేమని క్రషర్ మీద లెక్క. ఎలేచి భార్య ఉగోయే ఉతికినవి అందరికంటే తెల్లగా ఉండేవి. ఎలేచి వాటిని నలుగురికీ చూపించుకుని గాని మొహానికి తగిలించుకునేవాడు కాదు.

"ఉతికితే వాటికి దుమ్ము పట్టే గుణం పోతుంది తమ్ముడూ," అందావిడ. "ఆ తర్వాత ఉత్త గుడ్డపేలికే. కంటికి కనబడని దుమ్మంతా లోపలికే పోతుంది."

"నీకెవరు చెప్పారు?"

ఆవిడ వంగి బకెట్టు అందుకుంది.

"నీకు మొగుడున్నాడా?"

"లేడు."

"అదీ సంగతి. మొగుడికి ఉతికిపెట్టే రాత లేక, మా ఆడవాళ్లని చూసి ఏడుస్తున్నావు."

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నన్నేమన్నా అను, పడతాను," అంది. "మీ ఆవిడ దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లు. ఆడదానికి ఆడదాన్ని, నేను చెప్పుకుంటాను."

"మా గుమ్మం తొక్కావంటే కాళ్లు విరుగుతాయి," అన్నాడు ఎలేచి.

అక్కడితో ఊరుకోలేదు. మేనేజరు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాడు. మేనేజరు ఇలాంటి మాట కోసమే కాచుకుని ఉన్నాడు. వాచ్‌మన్ ఆవిడ బకెట్టు తీసి రోడ్డు అవతలికి విసిరేశాడు. ఆవిడ దాన్ని ఏరుకుని, ఎవరినీ ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఉగోయే ఇంకాస్త ఎక్కువ సబ్బు పెట్టి ఉతికింది.

మళ్లీ మళ్లీ వానలు వచ్చి వెళ్లాయి. ఎలేచికి దగ్గు పట్టుకుంది. మొదట సుత్తి బరువైంది, తర్వాత తట్ట బరువైంది, ఆఖరికి కర్రపెండలం పిండితో చేసిన గరి ముద్ద మింగడానికి కూడా ఆయాసమే. ఉగోయే భుజం పట్టుకుని, ఆసుపత్రి మెట్లు మధ్యలో కూర్చుంటూ ఎక్కాడు.

డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము గట్టిపడిపోయింది," అన్నాడు.

"మందు రాయండి, అయ్యగారూ."

"దీనికి మందు లేదు."

"నేను రోజూ మాస్కు పెట్టుకునే చేశాను కదండీ."

"బిళ్లలు ఎప్పుడెప్పుడు మార్చేవాడివి?"

"మార్చడమెందుకండీ? మా ఆవిడ రోజూ శుభ్రంగా ఉతికేది."

డాక్టరు ఉగోయే వైపు చూసి, అనబోయిన మాట మింగేశాడు. ఆ చూపు చాలు. ఆమెకు అంతా అర్థమైపోయింది.

ఇంటికొచ్చాక ఆమె పొయ్యి ముట్టించలేదు. ఎవరు పలకరించినా ఒకటే మాట. "నా మొగుణ్ణి నా చేతులతో నేనే చంపుకుంటున్నాను."

"కాదే, నాకేం తెలుసు, నీకేం తెలుసు?" అంటాడు ఎలేచి. మాట పూర్తయ్యేలోపు దగ్గొస్తుంది. ఆ దగ్గు వింటే ఆమె ఇంకా ముడుచుకుపోతుంది.

తను పోవడం ఖాయమని అతనికి తెలుసు. తన వెనకే ఆమె కూడా పోతుందేమోనని భయం పట్టుకుంది. ఆమె చెవికెక్కేలా ఒక్క మంచిమాట చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉంటే, అది సబ్బు మేడమే అనిపించింది.

బకెట్టు పట్టుకుని క్రషర్లు తిరిగే ఆవిడది ఏ ఊరని అడుగుతూ, చెట్టు చెట్టు దగ్గరా ఆగుతూ, ఆవిడ ఊరు చేరాడు. ఇంటి ముందు ఒక పెద్దాయన యాం దుంపలు ఏరుతున్నాడు.

"ఆవిడా?" అన్నాడాయన తలెత్తకుండా. "పోయిన వానల్లో చచ్చిపోయింది. క్రషర్లన్నీ తిరిగింది. అందరూ తరిమారు. ఆఖరికి తిండి మానేసి మంచం పట్టింది."

ఎలేచి గోడ పట్టుకుని దగ్గాడు. చాలాసేపటికి గాని ఊపిరి అందలేదు.

"పెద్దయ్యా, నాది అబకాలికి క్రషరే. ఉతికిన బిళ్లలు పనికిరావని ఆవిడకు ఎలా తెలుసు? నర్సుగా చేసేదా?"

"నర్సేమిటి నాయనా, మా తమ్ముడి పెళ్లాం," అన్నాడాయన. "వాడు మీ క్రషర్ మీదే పనిచేసి, ఇదే దగ్గుతో పోయాడు. మొగుడి బిళ్లలు తెల్లగా ఉతికి పంపడం మీ దగ్గర మొట్టమొదట మొదలుపెట్టింది అదే."