మంచు ఎందుకు కరుగుతుంది?

దేశదేశాల చెరువులు చూసొచ్చిన పండిత బాతు మా చెరువు బడిలో ఉపన్యాసమిచ్చింది. "ఉత్తరాది సరస్సులో పిల్లలు పాలకులనే ప్రశ్నిస్తారు. వాళ్ల చదువు గొప్పతనం అదే."

చెరువునేలే కొంగ చప్పట్లు కొట్టింది. మర్నాటి నుంచి కప్పపిల్లలు ఆ సరస్సు పిల్లల ప్రశ్నల్నే బట్టీపట్టి అప్పజెప్పసాగాయి. మంచు మొహమెరగని చెరువులో ఒకటే గోల, "మంచు ఎందుకు కరుగుతుంది?"

ఒక్క పిల్ల మాత్రం సొంతంగా అడిగింది. "కొంగగారూ, మన చెరువులో చేపలెందుకు తగ్గిపోతున్నాయి?"

కొంగ దాన్ని గుటుక్కున మింగేసింది. బాతు తల తిప్పుకుని ఈకలు సర్దుకుంది.

తల్లికప్ప బాతు మీద విరుచుకుపడింది. "అక్కడి ప్రశ్నలన్నీ జాగ్రత్తగా మోసుకొచ్చావే! అడిగిన పిల్లను అక్కడెవరూ మింగరన్న ముక్క ఒక్కటే దారిలో పారేసుకున్నావా?"