దెబ్బ చుట్టూ

“ఇదేమిటో చెప్పండి,” అంటూ డాక్టరు రోగి ముందు పెన్ను ఎత్తి చూపించాడు.

“పెన్ను!” అంది రోగి అక్క.

“ఇంకు పెన్ను,” అని సరిదిద్దాడు బావ.

“నేనడిగింది ఆయన్ని. తలకు దెబ్బ తగిలాక ఇంతవరకూ ఒక్క మాట లేదు. ఇవాళ కూడా నోరు విప్పకపోతే మాటల శిక్షణ ఆపేయాల్సి వస్తుంది.”

“వాడి తరఫున మేమున్నాంగా!” అన్నాడు బాబాయి.

రోగి భార్య మాత్రం స్కానింగ్ ఫిల్ము వైపే చూస్తోంది. “ఆ తెల్లటి మచ్చేమిటండీ?”

“గ్లియా కణాలమ్మా. మామూలుగా నరాల కణాలకు సేవ చేస్తుంటాయి. దెబ్బ తగలగానే ఇబ్బడిముబ్బడిగా పెరిగి చుట్టూ గోడ కడతాయి. మొదట్లో ఆ గోడే కాపాడుతుంది. తర్వాత కొత్త నరం మొలిస్తే అదే దాటనివ్వదు.”

“ఎంత బుద్ధిలేని కణాలండీ!” అంది అక్క, తమ్ముడి మూతి తుడుస్తూ.

భార్య లేచి తలుపు తీసింది. “వదినా, మీరంతా కాస్త బయటికి నడవండి.”

గొణుక్కుంటూ వెళ్లారు. డాక్టరు మళ్లీ పెన్ను ఎత్తాడు. రోగి పెదాలు వణికాయి.

“పె... అనండి. పె...” అని భార్య అందించింది.

అతను చెమటలు కక్కుతూ ఆమె వైపు తిరిగాడు.

“నువ్వు... కూడా.”

ఏడుపో నవ్వో తెలియని మొహంతో ఆమె బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.