లక్ష్మివారం వేషం

“ముందు కూర్చోండమ్మా. భయపడకండి, నేనున్నాగా.”

గొడ్లపాకలోంచి మొగుడి గొంతు విని రత్నం ఆగిపోయింది. తొంగి చూస్తే వెంకటపతి ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా గేదె.

“ఎవరితోనండీ ఆ సరసం?”

“సరసమేంటే! పోర్షన్ చదువుకుంటున్నా,” అన్నాడు తడబడుతూ.

నాటకాల్లో వేషాలు వేసే మనిషే. కానీ అమ్మా అమ్మా అంటూ ఆడవాళ్లని కూర్చోబెట్టే వేషం ఏ నాటకంలో ఉంది?

నెల్రోజులుగా మనిషి వరసే మారింది. లక్ష్మివారం వచ్చిందంటే తలకి రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బంటుమిల్లిలో బందరు బస్సెక్కేస్తున్నాడు. ఇంట్లో మరీ మెత్తబడ్డాడు. మంచినీళ్లయినా ముంచుకోనివాడు కాఫీ కలిపి తెస్తున్నాడు. ఆమె కడుపునొప్పికి గుడివాడలో స్కానింగ్ తీయించినప్పట్నుంచీ మాత్రలు కూడా తనే చేతిలో పెడుతున్నాడు. డాక్టరు గ్యాసేనన్నాడని వెంకటపతే వచ్చి చెప్పాడు. గ్యాసుకి ఇంత సేవా?

“అతివినయం ధూర్తలక్షణం!” తేల్చేసింది పక్కింటి పాపాయమ్మ. “బందర్లో ఎవర్తో ఉందమ్మాయ్. వెనకాలే వెళ్లు.”

వెళ్లింది. బస్సులో వెనకసీట్లో ముసుగేసుకు కూర్చుని, అతని వెనకే దిగింది. అతను తిన్నగా ఓ ఆసుపత్రి మేడెక్కి గదిలోకి దూరాడు. తలుపు సందులోంచి చూస్తే కుర్చీలో పడుచుపిల్ల. ఆ పిల్ల చెయ్యి వెంకటపతి చేతిలో ఉంది!

“సిగ్గులేదుటండీ ఈ వయసులో!” అంటూ రత్నం లోపలికి దూసుకెళ్లింది.

గదినిండా తెల్లకోట్లే. అందరూ బిత్తరపోయారు.

పాఠం చెబుతున్న డాక్టర్ దీవెన ఆమెను కూర్చోబెట్టింది. “వీళ్లంతా మెడికోలండీ. నయంకాని జబ్బని రోగికి ఎలా చెప్పాలో డాక్టర్లకి ఎవరూ నేర్పరు. ఇంట్లోవాళ్ల చెవిన వేసి చేతులు దులిపేసుకుంటారు. నా క్లాసులో అది వస్తేనే పాసు. పక్కన కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి, ఎంతవరకు తెలుసుకోవాలనుందో అడగాలి. ఆ తర్వాతే చెప్పాలి. రోగి వేషానికి నటుడు కావాలంటే మీవారొచ్చారు. వచ్చి, డాక్టరు వేషమే కావాలని పట్టుబట్టారు. పేషెంటుగా మా స్టూడెంటు అమ్మాయినే కూర్చోబెట్టాల్సొచ్చింది.”

“ఈయనకెప్పుడూ పెద్ద వేషమే కావాలి లెండి!” రత్నం పడీపడీ నవ్వింది. నెల్రోజుల బరువు గుండెల మీంచి దిగిపోయింది.

బందరు బస్టాండులో వెంకటపతి ఆమెకి గోళీసోడా కొట్టించి ఇచ్చాడు.

“పాపాయమ్మ నోట్లో గడ్డిపెట్టాలి,” అంది రత్నం. “బంగారంలాంటి మనిషిని అనుమానించాను. ఇంతోటి దానికి నా దగ్గర దాపరికం ఎందుకండీ?”

అతను నవ్వలేదు. బల్లమీది సంచీ జరిపి పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“రత్నం, ఎంతవరకు తెలుసుకోవాలనుంది నీకు?”