మంత్రసాని ఇచ్చిన పేర్లు

"ఇది చెల్లదమ్మా" అన్నాడు ట్రెవీనో, యారెలి బర్త్ సర్టిఫికెట్‌ను బల్ల మీదుగా వెనక్కి జరుపుతూ.

యారెలి నవ్వేసింది. కాలేజీ ఫీజుల సెక్షన్లో ట్రెవీనో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతూనే ఉంటాడు. పైగా పక్కనే ఉన్న బ్రిసేయ్‌దా కాగితాన్ని ఇప్పుడే రెండు నిమిషాల్లో చూసి ముద్ర కొట్టేశాడు. ఇద్దరూ మెక్సికో సరిహద్దు నది ఒడ్డునున్న బ్రౌన్స్‌విల్‌లో ఒకే వీధి పిల్లలు. ఒకే ఏడు పుట్టారు. రెండు కాగితాల మీదా ఒకే మంత్రసాని సంతకం. ఆ మంత్రసాని హెర్మీనియా, యారెలికి స్వయానా అమ్మమ్మ.

"సరిగ్గా చూడండి సార్. మా అమ్మమ్మ చేతుల్లోనే పుట్టాను నేను."

"అదేనమ్మా తంటా." ఈసారి ట్రెవీనో నవ్వలేదు. "దొంగ కాగితాలు రాస్తోందని నీకు రెండేళ్ళప్పుడు మీ అమ్మమ్మని పట్టుకున్నారు. నది అవతల పుట్టి, ఇక్కడ పుట్టినట్టు రాయించుకున్న పన్నెండు మంది పేర్లు ఆవిడే చెప్పి సంతకం పెట్టింది. ఆ జాబితా ఇప్పుడు మాకొచ్చింది, అందులో నీ పేరుంది."

చేతులు వణుకుతున్నాయని ఆ పని మానేశానని అమ్మమ్మ చెప్పేది. యారెలి ఇన్నేళ్ళూ అదే నమ్మింది.

ఈ దేశంలో చట్టప్రకారం ఉంటున్నట్టు రుజువు చూపిస్తేనే ఇక టెక్సస్ పిల్లలకిచ్చే తక్కువ ఫీజు. లేకపోతే మూడింతలు. ఆ రూలు ఈ వేసవిలోనే వచ్చిపడింది. నర్సు చదువు సగమయింది, సగముంది. గడువు శుక్రవారం.

"పసిపిల్లప్పటి కాగితాలు ఇంకేమైనా ఉన్నాయా? టీకాలూ, బాప్తిస్మం?"

ఉన్నదల్లా బాప్తిస్మం చీటీ ఒక్కటే. వాళ్ళింటి పిల్లలందరికీ నది అవతల మతమోరోస్‌లో, అమ్మమ్మ పుట్టింటి వాళ్ళ చర్చిలోనే బాప్తిస్మం. యారెలికి తొమ్మిదో రోజున ఇప్పించారు. ట్రెవీనో ఆ చీటీ చదివి కళ్ళజోడు తీసేశాడు.

"నేనిది చూడలేదు, నువ్వు చూపించలేదు. నువ్వక్కడే పుట్టావనడానికి ఇదొక్కటి చాలు, లోపల పెట్టేసుకో."

బ్రిసేయ్‌దా ఫైల్లో మాత్రం లేనిది లేదు. టీకాల కార్డు, బాప్తిస్మం, మొదటి పుట్టినరోజు ఫోటో, అన్నీ ఇవతలి ఒడ్డువే. "మా అమ్మకి కాగితాల పిచ్చి" అంది సిగ్గుపడుతూ.

యారెలి ఇంటిదారి పట్టింది. బ్రిసేయ్‌దా ఆమెను ఒంటరిగా వదలలేక వెంటే వచ్చింది.

వంటింట్లో అమ్మమ్మ రొట్టెల పిండి కలుపుతోంది. "వచ్చారా! బ్రిసా, మీ అమ్మ పంపిన మొక్కజొన్న తమాలెలు వేడిగా ఉన్నాయి, కూర్చోండి" అంది. ఆ తల్లి ఇరవై ఏళ్ళుగా ఏ పండగకీ తమాలెల గిన్నె పంపడం మరిచిపోలేదు.

"నేనెక్కడ పుట్టాను అమ్మమ్మా?"

పిండిలో చెయ్యి ఆగిపోయింది. "అదేం ప్రశ్నే?"

"ఆ పేర్లలో నాదీ ఉందట కదా. నీ నోటితో నువ్వే చెప్పావట."

అమ్మమ్మ మళ్ళీ పిండి పిసకసాగింది.

"నీ గదిలో మంచం చూపించి, ఇదిగో ఇక్కడే పుట్టావు, వీధి అదిరిపోయేలా ఏడ్చావు అని ఎన్నిసార్లు చెప్పావు! పోయేముందు అమ్మ కూడా అదే చెప్పింది. ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారా?"

"రేపు నేనొచ్చి ఆఫీసులో చెప్తానే."

"ఏం చెప్తావు? దొంగ కాగితాలు రాసినదాని మాట ఎవడు నమ్ముతాడు?" యారెలి పుస్తకాల సంచి బల్ల మీద పడేసింది. "పరాయివాళ్ళు పట్టించి ఉంటే వాళ్ళని తిట్టుకుని ఊరుకునేదాన్ని. పెంచిన చేత్తోనే నా గొంతు కోశావు కదా!"

"ఊరుకో యారె, లాయర్ని అడుగుదాం" అంటూ బ్రిసేయ్‌దా ఆమె భుజం పట్టుకుంది.

యారెలి విదిలించుకుంది. "నీకేం, నీ కాగితం నిఖార్సయినది!"

అమ్మమ్మ చేతులు తుడుచుకుని లేచింది. తమాలెల గిన్నె ఖాళీ చేసి బ్రిసేయ్‌దా చేతికిచ్చింది. "నువ్వింటికి వెళ్ళమ్మా. ఇది మా ఇంటి గొడవ" అని, ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేసింది.

"నిన్ను చంకలో వేసుకునే వెళ్ళానే ఆ రోజు. దొంగ కాగితాలున్న వాళ్ళ పేర్లు చెప్తావా, జైలుకి పోతావా అన్నారు. నేను జైలుకి పోతే మీ అమ్మ జబ్బు మనిషి, నిన్నెవరు చూస్తారు?"

"అందుకని నా పేరే చెప్పావా?"

అమ్మమ్మ తన గదిలోకి నడిచి ఆ మంచం మీద కూలబడింది.

"బ్రిసా లాంటి పిల్లల పేర్లు చెప్తే మర్నాడే నది దాటించేస్తారు, నిజంగా ఇక్కడ పుట్టినవాళ్ళనైతే ఎవరేం చెయ్యగలరులే అనుకుని, ఈ మంచం మీద పుట్టిన పన్నెండు మంది పేర్లే చెప్పానే తల్లీ."